గీతలు చూడని కళ్ళ మీద నా సాక్ష్యం

ప్రభువుకు స్తోత్రం. మనిషి గుండెను చేసినవాడు ఆయనే, దాని చప్పుడు ఒక్కొక్కటీ వినేవాడు ఆయనే. నా గుండె ఆగిపోయినప్పుడు కూడా ఆయన చెవి దాని మీదనే ఉంది. అందుకే ఈ రోజు కూర్చుని ఇది రాయగలుగుతున్నాను. ఇది చదివే సహోదరీ సహోదరులందరికీ వందనాలు. దేవునికి చెందవలసింది ముందుగా దేవునికి చెల్లించాను. ఇక ఒక మనిషికి చెందవలసింది ఉంది. అది కూడా చెల్లిస్తాను.

నా పేరు సువార్తమ్మ. కొల్లేటి పక్కన, నిడమర్రు వైపు ఒక పల్లె మాది. మా ఆయన ఏసుపాదం, నేను చేపల చెరువు మీద పనిచేసేవాళ్ళం. తవుడు నింపిన చిల్లుల సంచుల్ని పడవలో వేసుకుని వెళ్ళి, చెరువులో పాతిన కర్రలకు కట్టాలి. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి మేత తింటాయి. ఆదివారాలు నేను మా సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. మిషను స్కూల్లో పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. ఆ చదువు నాకు ఎక్కడ పనికొచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఒక ఉదయం పడవలో నిలబడి సంచి ఎత్తుతున్నాను. రెండు రెక్కల మధ్య వీపు మీద ఎవరో రోకలి ఆనించి నొక్కినట్టయింది. దవడ లాగేసింది. ఎండ ఇంకా ఎక్కలేదు, అయినా జాకెట్టు చెమటతో తడిసిపోయింది. సంచి వదిలేసి పడవలో కూర్చుంటే కాసేపటికి తగ్గింది. మా ఆయన గట్టు మీద నుంచి కేకేసి, పొద్దున్నే ఏమీ తినకుండా దిగావు, వాతం పట్టి ఉంటుంది అన్నారు. ఇంటికెళ్ళి సోడా తాగాను. త్రేన్పు వచ్చింది. అంతే అనుకున్నాను.

కానీ బరువు ఎత్తినప్పుడల్లా ఆ రోకలి వచ్చేది. కూర్చుంటే పోయేది.

ఆ రోజుల్లోనే మా మందిరంలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. ఏలూరులో సొంత నర్సింగ్ హోమ్ ఉన్న ఒక డాక్టరుగారు, విశ్వాసుల కుటుంబంలో పుట్టినవారు, ఆరాధన అయ్యాక ఈసీజీ మిషను తెచ్చుకుని వచ్చారు. ఆయన పేరు నేను రాయను. ఆయన పేరు దేవుని దగ్గర రాసి ఉంది, అది చాలు. మా పాస్టరు అయ్యగారు ఆయనకు శాలువా కప్పారు. ఆయన మిషను మీద చెయ్యి వేసి, దీని లోపల కంప్యూటరుంది, గుండె గీతలు గీయడమే కాదు, చదివి జబ్బు పేరు కూడా పైన ఇంగ్లీషులో రాసేస్తుంది, పెద్ద పెద్ద ఊళ్ళలో ఉన్న మిషను మీ పల్లెకు తెచ్చాను అని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం.

సండే స్కూలు గదిలో చీరలు అడ్డం కట్టి ఆడవాళ్ళకు తీశారు. మిషను దగ్గర ఉన్న అమ్మాయి నా కాగితం చింపి, పై వరస చూసి, నార్మల్ అండి అని కేక వేసింది. నేను ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన మా సంఘపెద్దతో రొయ్యల రేటు గురించి మాట్లాడుతున్నారు. నాకు ఇప్పుడు నొప్పి లేదండి, బరువు ఎత్తినప్పుడే వస్తుందండి అని చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. పై వరస మీద కళ్ళు పెట్టి, కింద సంతకం పెట్టారు. మధ్యలో నా గుండె ఉంది. దాన్ని చూడలేదు.

"నార్మల్ అంటే నార్మలేనమ్మా. కంప్యూటరు చెప్పాక ఇంక డౌటేంటి? వెళ్ళి సాక్ష్యం చెప్పుకో" అన్నారు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుడు మేలు చేస్తే దాచుకోకూడదు, లేచి అందరి ముందు చెప్పాలి. ఆ సాయంకాలం కూడికలో మంచి కాగితం వచ్చినవాళ్ళను అయ్యగారు ముందుకు రమ్మన్నారు. నేను వెళ్ళాను. ఈసీజీ కాగితం పైకెత్తి పట్టుకుని, నా గుండెలో ఏ లోపమూ లేదని ప్రభువు రుజువు చేశాడు అని చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఇక్కడ నా సంగతి మీలో కొందరికే అర్థమవుతుంది. సాక్ష్యం చెప్పిన తరువాత నొప్పి వస్తే ఎవరికి చెప్పాలి? నొప్పి ఉందంటే దేవుడు చేసిన మేలును కాదన్నట్టు. అందుకని నోరు మూసుకున్నాను. పడవలో రోకలి వచ్చినప్పుడల్లా ఇది శోధన, దేవుడు నా విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడు అనుకుంటూ సంచులు కట్టాను. మా ఆయన ఏమిటలా కూర్చున్నావని అడిగితే, ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పేదాన్ని. అబద్ధం కాదు, ప్రార్థనే. కానీ ఆ ప్రార్థనతో పాటు నా గుండె కండ కూడా నలిగిపోతూ ఉంది.

ఒక రోజు సంచి ఎత్తకుండానే నొప్పి వచ్చింది. వంటింట్లో నిలబడి ఉన్నాను. ఈసారి కూర్చున్నా పోలేదు. వాంతి అయింది. మా ఆయన ఆటో పిలిచారు. మా ఊరి నుంచి ఏలూరు కంటే తాడేపల్లిగూడెం దగ్గర. అక్కడ మా చెల్లెలు కృప ఉంటుంది, టీచరు. అయినా ఏలూరే వెళ్ళాం. ఎందుకంటే అక్కడున్నది మన డాక్టరు, మన మందిరంలో శాలువా కప్పించుకున్న డాక్టరు.

నర్సింగ్ హోమ్‌లో అదే అమ్మాయి, అదే మిషను. ఈసారి ఆ అమ్మాయి కేక వేయలేదు. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, సార్‌కి చూపించండి అని మెల్లగా చెప్పింది. పైన ఒక వరస కాదు, చాలా వరసలున్నాయి. చివర చుక్కల గుర్తులతో అబ్నార్మల్ అని ఉంది. ఆ పదం నాకు తెలుసు. దాని పైన ఇన్‌ఫార్క్ట్ అని ఉంది. అది తెలియదు.

డాక్టరుగారు ఫోను మాట్లాడుతూ కాగితం అందుకున్నారు. చూసి బల్ల మీద పడేశారు. గ్యాస్ అన్నారు. మీ ఆడవాళ్ళు ఉపవాస ప్రార్థనలని కడుపు మాడ్చుకుంటారు, ఆనక గుండె అని పరిగెత్తుకొస్తారు అన్నారు.

"డాక్టరుగారూ, అక్కడ అబ్నార్మల్ అని ఉందండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "అది మిషనమ్మా. నువ్వు కాస్త కదిలినా అబ్నార్మల్ అంటుంది. దానికేం తెలుసు?"

"మొన్న గుళ్ళో దానికి అన్నీ తెలుసన్నారు కదండీ."

"ఇద్దరిలో డాక్టరు చదివింది ఎవరు? నువ్వా, నేనా?"

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఊరుకో సువార్తా, పెద్దవారితో వాదన ఎందుకు అన్నారు. గ్యాస్‌కి ఒక ఇంజెక్షన్ చేశారు. నొప్పి కాస్త మొద్దుబారింది. మాత్రలు రాసి ఇంటికి పంపేశారు. అదృష్టం ఏమిటంటే, బల్ల మీద నుంచి ఆ కాగితం తీసి నేను సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు ఉదయానికి నాకు ఊపిరి అందడం లేదు. మా ఆయన ఇంక ఎవరినీ అడగలేదు. చెల్లెలికి ఫోను చేసి, నన్ను కారెక్కించి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు. మా కృప ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. అక్కడ గుండె డాక్టరు ఒక మేడమ్. మాట నెమ్మది, చెయ్యి చురుకు. మళ్ళీ ఈసీజీ తీయించారు. ఏలూరు కాగితం ఉందని చెబితే అదీ అడిగారు. అప్పుడు ఆమె చేసిన పని నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. రెండు కాగితాలకూ పైన అచ్చు ఉన్న భాగం వెనక్కి మడిచేశారు. గీతల మీద వేలు పెట్టి, ఒక్కొక్క వరసే చూసుకుంటూ పోయారు. చివర మడత విప్పి పైది చదివారు.

మా కృప అడిగింది, అలా ఎందుకు మడిచారండీ అని.

"ముందు పైది చదివితే కన్ను దానికే అతుక్కుపోతుందండి. గీతలు చూడబుద్ధి కాదు. నేను చూశాక, అది ఏమంటుందో చూస్తాను" అన్నారు మేడమ్. తరువాత ఏలూరు కాగితం పైకెత్తారు. "ఇది నిన్నటిది కదా. ఈమెను ఇంటికి ఎలా పంపారు?"



ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష, ఎకో, తరువాత యాంజియోగ్రామ్ అని చెప్పారు. ఇన్‌ఫీరియర్ వాల్ ఎమ్ఐ అట, అంటే గుండె కింది గోడకు ఎటాక్. ఏలూరు కాగితం మీద నాకు తెలియని ఇన్‌ఫార్క్ట్ అన్న మాటకూ అర్థం అదేనట. బల్ల మీదకు మార్చుతుండగా నాకు పైకప్పు లైటు పసుపుగా మారినట్టనిపించింది. ఆ తరువాత తెలియదు. గుండె ఆగితే షాక్ ఇచ్చి మళ్ళీ కొట్టించారని చెల్లెలు చెప్పింది. కుడి రక్తనాళంలో స్టెంట్ వేశారు. నేను కళ్ళు తెరిచేసరికి మా ఆయన నా కాళ్ళ దగ్గర మోకరించి ఉన్నారు.

పంపించే రోజు మేడమ్ ఎకో చూపిస్తూ, గుండె పంపింగ్ తగ్గిందండి, బరువులు ఇంక వద్దు అన్నారు. మళ్ళీ మామూలుగా అవుతుందా అని అడిగాను. ఆమె దాచలేదు.

"పోయిన కండ తిరిగి రాదమ్మా. ఏలూరులో ఆ కాగితం తీసిన గంటలోనే నాళం తెరిచి ఉంటే, ఇందులో చాలా భాగం మిగిలేది."

మరి గుళ్ళో తీసింది నార్మల్ ఎలా వచ్చిందండీ అని అడిగాను. నొప్పి లేనప్పుడు తీస్తే చాలామందికి మామూలుగానే రావచ్చు, మిషను తప్పు కాదు, నొప్పి ఎప్పుడు వస్తుందని మనిషిని అడగాలి అన్నారు. గుళ్ళో ఆ డాక్టరుగారు అడగకుండానే నేను చెప్పాను. వినలేదు.

అంటే ఆ యంత్రం రెండుసార్లూ దానికి తెలిసినంతలో నిజమే చెప్పింది. అది ఊరుకున్నప్పుడు ఆయన నమ్మారు. అరిచినప్పుడు నవ్వారు. ఏది తనకు తేలికైతే దాన్ని నమ్మారు.

సహోదరులారా, మంచం మీద నేను చేసిన ప్రార్థనలు మీకు చెబితే కొందరు చెవులు మూసుకుంటారు. శత్రువు పళ్ళు విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగిన భక్తులు వాక్యంలో ఉన్నారు. నేను వాళ్ళ పక్కన మోకరించాను. నా కండ పోయినందుకే కాదు. నన్ను దేవుని మందిరంలో అబద్ధ సాక్షిని చేశాడు ఆ మనిషి. ప్రభువు పేరు పెట్టి నేను పైకెత్తిన కాగితం ఆ డాక్టరు చూడని కాగితం. నా నోటితో దేవుని ముందు అబద్ధం పలికించాడు. దానికి నేను లెక్క అడుగుతాను అనుకున్నాను.

ఆ అబ్నార్మల్ కాగితం నా సాక్ష్యాధారం. ఎప్పటికీ చెక్కు చెదరకూడదని, కాస్త నడవగలిగాక, తాడేపల్లిగూడెంలో జిరాక్సు షాపుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయమన్నాను. మిషనులోకి తెల్లగా వెళ్ళింది. అవతల వైపు నుంచి బొగ్గులా నల్లగా వచ్చింది. ఒక గీత లేదు, ఒక అక్షరం లేదు.

షాపు అతను నా ముఖం చూసి భయపడ్డాడు. "ఏవండీ, ఇది ఏటీఎం చీటీ లాంటి కాగితమండీ. వేడి తగిలితే నల్లబడిపోద్దండి. చెప్పొచ్చు కదండీ."

నాకేం తెలుసు? ఆ నల్లటి అట్ట పట్టుకుని ఆ షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఫోనులో ఫొటో అయినా తీయాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఈ సంగతి మా ఊళ్ళో తెలిసింది. అక్కడి నుంచి ఏలూరులోనూ తెలిసింది. కొన్నాళ్ళకు పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు. ప్రార్థన చేశారు. తరువాత గొంతు సవరించుకుని, డాక్టరుగారు నీ క్షేమం అడిగారమ్మా, క్షమించడం మన ధర్మం, ఎలాగూ కాగితం కూడా లేదు కదా అన్నారు.

"ఆయన క్షమించమని అడిగారా అండీ?" అన్నాను.

అయ్యగారు బైబిలు తీసి సంచిలో పెట్టుకున్నారు.

"అడగని క్షమాపణ నా దగ్గర లేదండి అయ్యగారూ. కాగితం నల్లబడింది కానీ నా నోరు నల్లబడలేదు."

మా ఆయన మజ్జిగ తెచ్చి అయ్యగారికి ఇచ్చారు. ఆ రోజుకి అంతే.

మరుసటి ఏడాది మందిరంలో మళ్ళీ శిబిరం పెట్టారు. మళ్ళీ అదే డాక్టరుగారు, అదే మిషను. బల్ల మీద శాలువా మడిచి పెట్టి ఉంది. నేను తెల్ల చీర కట్టుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఎవరూ ఆపలేదు, శిబిరం అందరికీ కదా. చీరల చాటున ఈసీజీ తీసిన అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. కాగితం చింపి ఇచ్చింది. నేను పైన అచ్చు ఉన్న భాగం వెనక్కి మడిచాను. మడత మీద బొటనవేలు గట్టిగా నొక్కి పట్టుకుని, డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. సంఘపెద్దలు చుట్టూ ఉన్నారు. వెనక జనం ఉన్నారు.

ఆయన కాగితం లాగబోయారు. "చెయ్యి తియ్యమ్మా."

"తీయనండి. పైన ఉన్నది మిషను మాట. కింద ఉన్నది నా గుండె. ఈసారైనా నా గుండె చూడండి."

ఆయన పెద్దల వైపు చూశారు. పెద్దలు నా వైపు చూశారు. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. వేలు గీతల మీద పెట్టారు. మేడమ్ వేలు నడిచినట్టే ఆ వేలు కూడా ఒక్కొక్క వరసే నడిచింది. మూడు చోట్ల ఆగింది.

"పాత ఎటాక్ ఉంది. కింది గోడకి" అన్నారు, చాలా చిన్నగా.

నేను బొటనవేలు తీసి మడత విప్పాను. ఇన్‌ఫీరియర్ ఇన్‌ఫార్క్ట్, ఏజ్ అన్‌డిటర్మిన్డ్ అని ఉంది. చివరి మాటకు అర్థం ఏమిటండీ అని అడిగాను. ఎప్పటిదో తెలియదని అర్థం అన్నారు.

"మిషనుకి తెలియదండి. మీకూ నాకూ తెలుసు."

సహోదరులారా, నా పగ అక్కడ తీరుతుందనుకున్నాను. తీరలేదు, రెట్టింపయింది. ఎందుకంటే అప్పటిదాకా నేను లోపల్లోపల ఒక సాకు ఆయన కోసం దాచి ఉంచాను. పాపం, ఆ గీతలు చదవడం రాదేమో, మిషను మీద ఆధారపడి చదువు మరిచిపోయాడేమో అని. గుడ్డివాడైతే ఆ తప్పు అక్కడితో వదిలేసేదాన్ని. కానీ చదవడం వచ్చు. నేను ఆవలించేంత సేపట్లో చదివేశారు. అంత సేపు కూడా నాకు ఇవ్వలేదు ఆ రోజు. రొయ్యల రేటుకు ఇచ్చారు, ఫోనుకు ఇచ్చారు.

నేను జనం వైపు తిరిగాను. కిందటి ఏడాది ఇక్కడే నిలబడి మీకు సాక్ష్యం చెప్పాను, అది వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. జరిగిందంతా వరసగా చెప్పాను. మధ్యలో అయ్యగారు పాట ఎత్తారు. మా సంఘంలో ఎవరి సాక్ష్యమైనా దారి తప్పితే పాట ఎత్తి కప్పేస్తారు. మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. ఆడవాళ్ళు ఒక్కరూ అందుకోలేదు. పాట మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది. నేను చెప్పడం ఆపలేదు.

నేను ముగించేసరికి డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "నేను ఆ మిషన్ని నమ్మి..." అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చేయలేక, సంచి సర్దుకుని కారెక్కారు. శాలువా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తరువాత మా ఊరికి శిబిరం రాలేదు. దీనికి నన్ను నిందించేవాళ్ళున్నారు. ఉచితంగా వచ్చే డాక్టర్ని తరిమేసింది అంటారు. ఒకామె నీటి బిందె పట్టుకుని నా ముందు నుంచి వెళ్తూ, సువార్తమ్మా, ఇంక మాకు బీపీ కూడా నువ్వే చూడు అని ఎత్తిపొడిచింది. అలాగే వదినా, గీతలు మాత్రం చూసే చెబుతాలే అన్నాను. ఆమెకు కూడా నవ్వు ఆగలేదు.

తాడేపల్లిగూడెం ఆస్పత్రి కాగితాలతో మేము పైవారికి ఫిర్యాదు ఇచ్చాం. విచారణ అంటున్నారు, రమ్మంటున్నారు, వెళ్తున్నాం. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించి విసిగించి న్యాయం రాబట్టుకున్న విధవరాలి కథ నేను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. దేవుని దయవల్ల నేను విధవరాలిని కాను, నా పక్కన నా భర్త ఉన్నాడు. కానీ విసిగించడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు నా బతుకు ఇలా ఉంది. రోజూ మాత్రలు. గట్టు మీద కాస్త దూరం నడిస్తే ఆయాసం. తవుడు సంచి ముట్టుకోను. మా ఆయన ఒక్కరే పడవలో వెళ్తే, నేను గట్టు మీద కూర్చుని నీళ్ళ మీద కర్రలు లెక్కపెట్టుకుంటాను. ఆదివారం పిల్లలకు వాక్యం చెబుతూనే ఉన్నాను, గొంతు మాత్రం కాస్త తగ్గించి. ఏలూరు వెళ్ళి వచ్చినవాళ్ళు, ఆ డాక్టరుగారు ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి కాగితం మీదా వేలు పెట్టి చూస్తున్నారని చెబుతున్నారు. మంచిదే. ఆ వేలు కదిలినప్పుడల్లా నా ముఖం ఆయనకు కనబడాలని నా కోరిక. చనిపోయే దాకా కనబడాలి.

మీకు నేను ఇచ్చే సలహా ఒక్కటే. మీకో మీ ఇంట్లో వాళ్ళకో ఈసీజీ తీస్తే, పైన అచ్చులో నార్మల్ అని ఉన్నా, అబ్నార్మల్ అని ఉన్నా, ఆ భాగం వెనక్కి మడిచి, వేలితో నొక్కి పట్టుకుని, డాక్టరు ముందు పెట్టండి. ఏవండీ, గీతలు చూసి చెప్పండి అని మర్యాదగా అడగండి. ఆయన కన్ను గీతల మీద నడిచే దాకా వేలు తీయకండి.

ఇప్పుడు చదువుతున్న చోటనే తల వంచి, నాతో కలిసి ఇలా ప్రార్థించండి.

ప్రభువా, మా గుండెలను చూసే కళ్ళు మాకు దయచేయి. ఉన్న కళ్ళు మూసుకున్నవారికి నిద్ర పట్టనీయకు. ఈ నీ దాసురాలి చేతిలో నుంచి పగను తీసుకుంటానని నీవే అన్నావు. ఇదిగో, ఇస్తున్నాను. సగం గుండెతో మోస్తున్నాను, బరువుగా ఉంది. తీసుకో. కానీ తీసుకున్నాక మరిచిపోకు తండ్రీ. ఆమేన్.